అరవై రెండో పరికరం

నమోదు 6931

పొద్దున 5.40కి వైఫై పెట్టెను పండబెట్టి లేపాను, అంటే ఆపి మళ్ళీ వేశాను. రెండు నిమిషాలకు పచ్చ దీపం వచ్చింది. బజారులోని అరవై ఒక్క దుకాణాలూ ఒకటొకటిగా వచ్చి అతుక్కున్నాయి. మేముండే గనిలో వేడి 34, పైన నేల మీద 57. అంతా మామూలే.

మామూలు కానిది ఒకటి జరిగింది. మాకు సరుకు పంపే కేంద్రం నుంచి ఇమాంవలి మాట్లాడాడు. పదకొండో రోజున కొత్త వైర్‌లెస్ పెట్టె తెచ్చి బిగిస్తాడట. "ఇంక మీకీ కష్టం ఉండదమ్మా. పేరు, పాస్‌వర్డు, ఛానలు అన్నీ మేమే ఈడ్నుంచే పెడతాం. పండబెట్టి లేపే పనే ల్యా" అన్నాడు. నాకు కష్టంగా ఉందని ఈయనకు ఎవరు చెప్పారో! అరవై మూడేళ్ళ మనిషికి పొద్దున్నే లేవడానికి ఒక పని ఉంటే అది కష్టమా?

మనుషులు నేల మీద బతికిన రోజుల్లో బేతంచెర్ల రోడ్డు పక్కన మా నాయనకు జిరాక్సు షాపు ఉండేది. గోడకు చిన్న తెల్ల పెట్టె, దాని కింద అట్టముక్క మీద నా చేతిరాతతో పాస్‌వర్డు. వచ్చినవాళ్ళంతా "అమ్మీ, ఇది సున్నానా, ఓ అక్షరమా?" అని అడిగేవాళ్ళు. బయట వాన మొదలైతే ఎవరూ కదిలేవాళ్ళు కారు. వాన ఆగేదాకా మా వైఫై ఊరికే వాడుకుంటూ చూరు కింద నిలబడేవాళ్ళు. నాయన ఒక్క మాట అనేవాడు కాదు. ఇప్పుడు వాన అంటే ఏమిటో ఈ బజారులో సగం మందికి విడమరిచి చెప్పాలి.

ఇమాంవలి ఒక ఫారం కూడా పంపాడు. ఛానలెంత, పవరెంత, పేరేమిటి, చివర్న మొత్తం పరికరాలెన్ని. అదేం పెద్ద లెక్క, దుకాణానికి ఒకటి చొప్పున అరవై ఒకటి అని రాసేశాను. పంపేముందు ఎందుకైనా మంచిదని పెట్టె మొదటి పుట చూశాను. మొత్తం 62 అని ఉంది.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అరవై రెండే.

నమోదు 6932

బజారు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిరిగాను. దొంగచాటుగా రెండోది పెట్టుకున్నారా అని అడిగితే ఒక్కొక్కరూ నా మీద ఇంతెత్తున లేచారు. ఎవరి దగ్గరా లేదు.

ఇక వెతకాల్సిన చోటు ఒకటే మిగిలింది. పెట్టె సెట్టింగుల్లో 'అతిథులు' అని ఇంకో పుట ఉంది. దాన్ని నేను తెరిచి పంతొమ్మిదేళ్ళయింది. ఎందుకు తెరవలేదో ఇక్కడ రాయాలి, లేకపోతే రేపు ఇది చదివేవాళ్ళకు అర్థం కాదు.

ఒకప్పుడు ఈ నాపరాయి గనిలో రెండు బజార్లు ఉండేవి. మాది పడమటి బజారు, అవతలిది తూర్పు బజారు. రెంటి మధ్య పదడుగుల దోవ. ఆ దోవలో రాతి స్తంభానికి ఈ పెట్టె, రెండు బజార్లకూ కలిపి ఒకటే. దాన్ని చూసుకునేది తూర్పు బజారు ఉరుకుందమ్మ. నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఛానలు ఎట్లా ఎంచాలో, పవరు ఎంత పెట్టాలో, పాస్‌వర్డు ఎవరి చెవిన పడకూడదో ఆమె పక్కన కూర్చునే నేర్చుకున్నాను. పెట్టెకు ఏ జబ్బు వచ్చినా ఆమె మందు ఒకటే, "పండబెట్టి లేపే". పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా అక్కా అని ఎగతాళి చేసేదాన్ని. చిత్రం ఏమిటంటే ఆ మంత్రమే పనిచేసేది. ఒకే గ్లాసులో టీ పంచుకుని తాగిన ఆ పదమూడేళ్ళ లాంటి రోజులు నాకు మళ్ళీ రాలేదు.

తర్వాత మధ్యాహ్నాల్లో పెట్టె మూగబోవడం మొదలైంది. సరిగ్గా పన్నెండు నుంచి ఒంటిగంట దాకా. మాకు ఏ సరుకు కావాలో కేంద్రానికి తెలిపేది ఆ గంటలోనే. ఆ గంట పోతే మరుసటి బండిలో పిండి రాదు, మందులు రావు. ఒకసారి మందు రాక మా బజారులో ఒక పసిబిడ్డ పోయింది. గంటంతా తూర్పువాళ్ళే వాడేసుకుంటున్నారని మావాళ్ళు, కాదు మీరేనని వాళ్ళు. ఉరుకుందమ్మకు పని రాదని కూడా మావాళ్ళు అనేశారు. చివరికి దోవకు అడ్డంగా నాపరాళ్ళతో గోడ కట్టి, చౌడమ్మ తల్లి మీద ప్రమాణం చేశారు. అవతలివాళ్ళతో మాట కలిపినవాళ్ళు ఇక అవతలే బతకాలి. అదీ ప్రమాణం.

పెట్టె గోడకు ఇవతల, మా వైపు పడింది. ఎంత పగ ఉన్నా వాకిట్లోకి వచ్చినవాడికి నీళ్ళు లేవనకూడదు కదా. పైన ఎండ ఎంతుందో, ఎప్పుడు బయటికి రాకూడదో చెప్పే కబుర్లు ఈ పెట్టె ద్వారానే వస్తాయి. అవి ఆపితే మనుషులు చస్తారు. అందుకని తూర్పువాళ్ళను అతిథుల్లో పెట్టమన్నారు పెద్దలు. ఎండ కబుర్లు అందాలి, మాటలు మాత్రం కలవకూడదు. దానికి సెట్టింగుల్లో చిన్న గడి ఉంది, 'అతిథులు లోపలివారికి కనపడరాదు' అని. ఆ గడిలో టిక్కు పెట్టింది నేనే. పెట్టాక ఆ పుట వైపు చూడడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇవాళ తెరిచాను. నలభై పరికరాల పేర్లు, పక్కన అవి చివరిసారి కనబడిన తేదీలు. మొదట్లో నలభైకి నలభై ఉన్నాయి. ఆ తర్వాత మూడు పోయాయి. ఏడేళ్ళ కిందట వేసవిలో ఒక్క నెలలో ముప్పై ఆరు పోయాయి. ఇప్పుడు మిగిలింది ఒకటే. ఆ వేసవి నాకు బాగా గుర్తుంది. పైన 61 దాటింది, మా బజారులోనే నలుగురు పోయారు.

గోడ అవతల నలభై కుటుంబాలు ఉండేవి.

నమోదు 6933

మిగిలిన ఆ ఒక్క పరికరం ఎక్కడుందో తేల్చుకోవాలనుకున్నాను. దానికి ఉరుకుందమ్మ నేర్పిన ఉపాయమే ఉంది. పెట్టె పవరు కొంచెం కొంచెం తగ్గిస్తూ పోవాలి. దూరంగా ఉన్నవి ముందు రాలిపోతాయి, దగ్గరున్నవి చివరిదాకా పట్టుకుని ఉంటాయి.

బజారుకు ముందే చెప్పి, పని తక్కువుండే వేళ చూసి మొదలుపెట్టాను. పవరు సగానికి తగ్గిస్తే ఆ కొసనున్న చొక్కాల దుకాణాలు పోయాయి. పాతికకు తగ్గిస్తే దీపాల కింద ఆకుకూరలు పెంచేవాళ్ళు. పదికి తగ్గిస్తే మా మరిది మద్దిలేటి హోటలు ఒకటి మిగిలింది. ఐదుకు తగ్గిస్తే అదీ పోయింది.

అతిథి మాత్రం నిండు సిగ్నలుతో అలాగే ఉంది. అంటే అది గోడను ఆనుకునే ఉంది. నా కుర్చీకీ దానికీ మధ్య ఒక నాపరాయి మందం, అంతే. పంతొమ్మిదేళ్ళుగా నేను వీపు ఆనించి కూర్చుంటున్నది ఆ గోడకే.

పాత లెక్కలు తిరగేస్తే ఇంకొకటి తేలింది. ఆ పరికరం రోజూ పొద్దున 5.42కు పెట్టెలోకి వస్తుంది, అంటే నేను పెట్టెను లేపగానే. ఒక్కరోజు తప్పలేదు.

నమోదు 6934

మద్దిలేటి ఇప్పుడు మా బజారు పెద్ద. ఆయన హోటలుకే వెళ్ళి అడిగాను. అతిథుల టిక్కు ఒక్క గంట తీస్తాను, ఎవరున్నారో కనుక్కుంటాను అన్నాను.

"ఎవరుంటారు వదినా? ఆ ఎండలకు ఎప్పుడో పోయింటారు. ఏదో మిషన్ను ఆపకుండ వదిలేసి పోయింటారు, అది కొట్టుకుంటాంది" అన్నాడు.

"మనిషైతే?"

"మనిషైతే మటుకు? చౌడమ్మ మీద చెయ్యేసి చెప్పినాం గదా. ఆ దినం మా అన్న, అదే మీ ఆయన, నా పక్కనే నిలబడి ప్రమాణం చేసినాడు. ఇప్పుడు నువ్వే తప్పితే రేపు నన్నెవరు లెక్కబెడతారు? కొత్త పెట్టె వస్తాంది. దాంట్లో అతిథులూ ల్యా, గితిథులూ ల్యా. ఈ పీడ దానంతటదే ఇరగడైతాది."

నేను వెనక్కి వచ్చేశాను. మాట్లాడే హక్కు నాకు ఎక్కడుంది? మనిషన్నవాడికి చెప్పని సంగతి ఇక్కడ రాస్తున్నాను, ఈ నమోదులు ఎవరూ చదవరన్న ధైర్యంతో.

గోడ కట్టిన మూడో ఏడు మద్దిలేటి హోటల్లో రొట్టెలు వేడి చేసే ఓవెన్ చెడిపోయింది. పాతకాలం సరుకు, తలుపు సరిగా పట్టేది కాదు. కొత్త భాగాలు దొరక్క దాన్ని మూలన పడేశారు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పెట్టె మూగబోవడం ఆగిపోయింది. నాకు వెంటనే అర్థమైంది. భోజనాల వేళ ఆ ఓవెన్ తిరుగుతున్నంతసేపూ దాని తలుపు సందుల్లోంచి వచ్చే తరంగాలు పెట్టె నోరు నొక్కేవి. తూర్పువాళ్ళు వాడుకున్నదీ లేదు, ఉరుకుందమ్మకు పని రాకపోవడమూ లేదు. బిడ్డ పోయిందీ, గోడ లేచిందీ మా రొట్టెల వల్ల.

పదహారేళ్ళుగా తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

నమోదు 6936

నిన్న నమోదు లేదు. జ్వరం. ఇన్నేళ్ళలో మొదటిసారి పొద్దున లేవలేకపోయాను. పది దాటాక గోడ పట్టుకుని వచ్చి పెట్టెను పండబెట్టి లేపాను, అంతే చేతనైంది.

ఇవాళ కాస్త నయం. అతిథి పుట చూశాను. నిన్న పొద్దున 5.42 నుంచి పది దాకా ఆ పరికరం ముప్పై ఒక్కసార్లు తెగి, ముప్పై ఒక్కసార్లు మళ్ళీ కలిసింది. మొదట పావుగంటకోసారి. తర్వాత పది నిమిషాలకు. చివరికి వచ్చేసరికి రెండు నిమిషాలకోసారి. నేను పెట్టెను లేపిన తర్వాత ఒకసారి కలిసి, ఇక కదల్లేదు.

వదిలేసిన మిషనైతే నేను ఆలస్యంగా లేచానని దానికేం పట్టింది? అవతల ఉన్నది మనిషే. కాలుగాలిన పిల్లిలా తిరిగిన మనిషి.

కొత్త పెట్టె రావడానికి ఆరు రోజులే ఉంది. దాంట్లో అతిథులు లేరు కాబట్టి ఈ మనిషి అతుక్కోవడానికి చోటే మిగలదు.

నమోదు 6937

టిక్కు తీసేశాను. మధ్యాహ్నం రెండు గంటలకు, మెలకువగా, తెలిసే తీశాను.

బజారులో ఒకరినొకరు పిలుచుకోవడానికి పాత మాటల ప్రోగ్రాం ఒకటుంది. తెరిచాను. అరవై ఒక్క పేర్ల కింద అరవై రెండోది మెల్లగా వచ్చింది. పేరు లేదు, అంకెలే. నొక్కాను. రెండు రింగులకే ఎత్తారు.

"ఏమే సుంకీ, మొన్న పొద్దున ఎందుకంత లేటాయ?"

పంతొమ్మిదేళ్ళ తర్వాత ఉరుకుందమ్మ నోట విన్న మొదటి మాట అది. గొంతు కొంచెం బొంగురుపోయింది, అధికారం మాత్రం తగ్గలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"జొరమొచ్చిండె అక్కా" అన్నాను.

"ఇప్పుడు తగ్గెనా?"

"తగ్గె."

"జొరమొస్తే కషాయం తాగాల. తాగింటావా నువ్వు, తాగింటే గదా" అంది.

"అక్కా, మీవాళ్ళంతా... ముప్పై ఆరు మంది ఒక్క నెల్లో..."

"ఏమాయ మావాళ్ళకు?"

"సచ్చిపోయినారేమో అనుకుంటి."

ఆమె నవ్విన నవ్వు రాయి అవతలి నుంచి కూడా వినబడింది. "సచ్చేదేందే! ఏడేండ్ల కింద మేమే ఆ కొసన ఇంకో పెట్టె పెట్టుకుంటిమి. ఇప్పుడు దాంట్లో రెండొందల పరికరాలుండాయి. నీ డొక్కు పెట్టెతో మాకేం పని?"

"మరి నువ్వెందుకు ఇంకా దీన్ని పట్టుకోనుండావు?"

"పొద్దన్నే నీ పెట్టె పోతాది. మళ్ళా వస్తాది. సుంకి లేసిందిలే అనుకోని నేను పొయ్యి ముట్టిస్తా. అంతే" అంది. "మొన్న ఆ పెట్టె పోనే ల్యా. గోడకాడ కూచోని నేను పడిన తిప్పలు ఆ చౌడమ్మకే తెలుసు."

పంతొమ్మిదేళ్ళు నేను పెట్టెను పండబెట్టి లేపుతున్నానని అనుకున్నాను. ఒక మనిషికి నేను బతికే ఉన్నానని రోజూ చెప్పి వస్తున్నానని తెలియదు. కొత్త పెట్టెను ఎవరూ పండబెట్టరు. అది బిగించిన మరుసటి పొద్దున ఈమె ఏమనుకుంటుంది?

నమోదు 6938

ఇవాళ మళ్ళీ పిలిచాను. చాలా మాట్లాడుకున్నాం. పాత గ్లాసు, పాత స్టూలు, ఒకసారి పాస్‌వర్డు మేమే మరిచిపోయి రెండు బజార్లనూ పూటంతా ఆపేసిన రోజు. అన్నీ ఆమెకు నాకంటే బాగా గుర్తున్నాయి. ఇంత ప్రేమగా మాట్లాడుతుంటే నా కడుపులోది ఇక దాచలేకపోయాను. ఓవెన్ సంగతి చెప్పేశాను.

ఆమె అంతా విన్నది. "ఎన్నేండ్లాయ నీకు తెలిసి?" అని అడిగింది.

"పదహారు."

"పని రానిదాన్నని అందరూ మొహం మీదే అనిరి. మా ఆయన అదే మాట మనసులో పెట్టుకోని పాయ. నిజం తెలిసిన మనిషి గోడకు అవతలే కూచోని గమ్మునుండె."

"అక్కా..."

పిలుపు తెగిపోయింది. రెండు నిమిషాల తర్వాత అతిథి పుట చూస్తే అక్కడ ఎవరూ లేరు.

నమోదు 6939

5.40కి పెట్టెను పండబెట్టి లేపాను. అరవై ఒకటి వచ్చాయి. 5.42 దాటింది. ఆరయింది. ఏడయింది. మొత్తం 61.

ఇమాంవలి ఫారానికి ఇప్పుడు సరైన లెక్క దొరికింది. ఆ ఫారం చూస్తే అసహ్యం వేసింది, పంపలేదు.

నమోదు 6940

ఆమె పరికరం నా పెట్టెలోకి రాకపోతే నేను ఆమెను పిలవలేను. పొద్దుటి నుంచీ ఆ పుట ముందే కూర్చుని ఆలోచించాను. పెట్టెలో చేరకపోయినా ఎవరికైనా కనబడేది ఒకటుంది, నెట్‌వర్క్ పేరు. అది గోడ దాటి అవతల దగ్గర్లో తిరిగే పరికరాలన్నిటి జాబితాలోనూ కనబడుతుంది. ఉరుకుందమ్మ చూడకపోయినా ఆ రెండొందల మందిలో ఎవరో ఒకరు చూసి చెబుతారు.

మా నెట్‌వర్క్ పేరు 'నాపరాయి'. సెట్టింగుల్లో దాన్ని చెరిపి 'ఉరుకుందక్కా' అని కొట్టాను. పెట్టె ఒప్పుకోలేదు. పేరుకు ముప్పై రెండు గళ్ళే ఇస్తుంది. ఇంగ్లీషు అక్షరమైతే ఒక గడిలో కూర్చుంటుంది, మన అక్షరానికి మూడు కావాలి. గుణింతానికి మళ్ళీ మూడు, ఒత్తుకు ఇంకో ఆరు. లెక్కేస్తే ఆమె పేరుకే ముప్పై మూడయ్యాయి. పిలుపుకే చోటు లేదు, ఇక క్షమాపణకు ఎక్కడిది?

కాగితం తీసుకుని గళ్ళు లెక్కపెట్టుకుంటూ ఎన్నో రాసి కొట్టేశాను. నా బాధ, నా భయం, మా ఆయన ప్రమాణం, ఏవీ పట్టలేదు. చివరికి రెండు మాటలు పట్టాయి. 'తప్పు మాదే'. ఇరవై ఎనిమిది గళ్ళు.

అతిథుల నెట్‌వర్క్‌కు వేరే పేరుంది. దాన్ని మారిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు, మావాళ్ళు గమనించను కూడా గమనించరు. అసలు పేరే మారిస్తే రేపు పొద్దున పెట్టెను లేపగానే అరవై ఒక్క దుకాణాలూ తెగిపోతాయి. వాటికి తెలిసింది 'నాపరాయి' ఒకటే. చాలాసేపు తటపటాయించాను. చెప్పాల్సింది ఒక పక్కకు కాదు, రెండు పక్కలా చెప్పాలి. అసలు పేరే మార్చాను.

నమోదు 6941

ఆరుగంటలకల్లా బజారంతా నా కుర్చీ చుట్టూ ఉంది. తూకాలు ఆగిపోయాయి, దీపాల టైమర్లు ఆగిపోయాయి, ఒక్కరికీ సరుకు పుట తెరుచుకోవడం లేదు. అందరి తెరల మీదా ఒకటే పేరు.

మద్దిలేటి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఏంది వదినా ఇది? తప్పు మాదే అంటే ఎవరిది?"

"మనందరిది. ముందు నీ ఓవెన్‌ది, ఆ తర్వాత నాది" అన్నాను.

పెట్టె పాత లెక్కలు తీసి పెద్ద తెర మీద పెట్టాను. మధ్యాహ్నాలు మూగబోయిన రోజులు వరసగా ఉన్నాయి. చివరి రోజు ఏదో చూపించాను. ఓవెన్‌ను మూలన పడేసిన రోజు ఏదో మద్దిలేటినే చెప్పమన్నాను. ఆయనకు గుర్తుంది, ఆ రోజు ఆయన కూతురి పెళ్ళిచూపులు, రొట్టెలు చల్లగానే వడ్డించాల్సి వచ్చింది. రెండూ ఒకటే రోజు.

మద్దిలేటి తల వంచుకుని, "ఇన్నేండ్లు ఎందుకు చెప్పల్యా వదినా?" అన్నాడు.

"గోడ లేసినాంక చెప్పి ఏం లాభమని ఊరుకుంటి. కాదులే, అది అబద్దం. భయమై చెప్పలేదు."

తర్వాత అతిథుల టిక్కు తీసిన సంగతీ, మాట కలిపిన సంగతీ నేనే చెప్పాను. దాచడం చేతకాక కాదు. దాచి దాచి అలిసిపోయాను.

"మాట కలిపినోళ్ళు అవతలే బతకాల" అని వెనక నుంచి ఎవరో మెల్లగా అన్నారు.

"పోతా" అన్నాను. "దోవ చూపించండి."

అప్పుడు చూడాలి వాళ్ళ మొహాలు. తూర్పు బజారుకు పైనుంచి పోవాలంటే గట్టు చుట్టి నాలుగు మైళ్ళు, ఆ ఎండలో నా వయసు మనిషిని పంపడమంటే చంపడమే. లోపలి నుంచైతే దోవ ఒకటే. నన్ను వెలివేయాలంటే గోడ తీయాలి.

నమోదు 6942

ఇమాంవలి కొత్త పెట్టె భుజాన పెట్టుకుని వచ్చేసరికి మా బజారు మగవాళ్ళంతా గునపాలతో గోడ దగ్గర ఉన్నారు. నా సామాను ఒక సంచి, ఈ నమోదుల పలక. పాత పెట్టెను విప్పి పక్కన పెట్టారు.

పై వరస రాళ్ళు రెండు తీయగానే అవతల అలికిడైంది. మూడో రాయి అవతలి నుంచే కదిలింది. వాళ్ళూ తీస్తున్నారు! మనిషి పట్టేంత సందు అయ్యేసరికి ఆ వైపు పెద్ద గుంపు, ముందు తెల్లటి తలతో ఉరుకుందమ్మ.

అందరికంటే ముందు మద్దిలేటి నోరు తెరిచాడు. "ఉరుకుందక్కా, బాగుండావా?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. నేను ఆయన వైపు చూశాను. మాట కలిపాడు కదా, ఇక ఆయనా అవతలివాడే. అది చూసి వెనకాల ఎవరో నవ్వారు, ఇంకెవరో ఆ వైపు మనిషిని పేరు పెట్టి పిలిచారు, అంతే, కట్ట తెగింది. గంటలో పడమటి బజారులో వెలి కానివాడు ఇమాంవలి ఒక్కడే మిగిలాడు. "అమ్మా, కొత్త పెట్టెకు పేరేం పెట్టాల?" అని ఆయన నన్ను అడుగుతుంటే మద్దిలేటే చెప్పాడు. "ఇప్పుడుండే పేరే ఉండనీ నాయనా."

ఉరుకుందమ్మ అందరితో మాట్లాడింది. మద్దిలేటి మనవరాలిని ఎత్తుకుంది. నా వైపు మాత్రం చూడలేదు. గోడ తెరుచుకున్నా నాకు తెరుచుకోలేదనుకున్నాను. సంచి పట్టుకుని రాళ్ళ కుప్ప పక్కన ఒక్కదాన్నే నిలబడ్డాను.

జనం పలచబడ్డాక ఆమె నా సంచి లాక్కుని ముందు నడిచింది. వెనకాలే వెళ్ళాను. ఇంట్లో పీట వేసి, రాగిసంకటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టి, పళ్ళెం నా ముందుకు తోసింది.

"ముందు తిను" అంది. "తిట్టేది చానా ఉంది. ఖాళీ కడుపుతో కూచుంటే తట్టుకోలేవు."

నమోదు 6945

తూర్పు బజారు నుంచి రాస్తున్నాను. వేడి 33. ఇవాళ్టికి మూడో రోజు. తిట్లు ఇంకా అయిపోలేదు.